రాచెస్టర్‌లో ఏడో బుష్

అమెరికా వెళ్లొచ్చిన మా వయసువాళ్లు ఎవరైనా ముందు నయాగరా గురించే చెబుతారు. మేమూ చూశాం. మా అబ్బాయి ఉండే రాచెస్టర్ నుంచి కారులో గంటన్నర. నీలం రంగు ప్లాస్టిక్ కోటు తొడుక్కుని, పడవెక్కి, తడిసి ముద్దయి, ఫొటోలు దిగి వచ్చాం. కానీ తిరిగొచ్చాక బాలానగర్ టీ కొట్టు దగ్గర పాత స్నేహితులు "ఏం చూశావోయ్ అక్కడ?" అని అడిగితే, నయాగరా సంగతి రెండు ముక్కల్లో తేల్చేశాను. ఒక ఇంటి బేస్‌మెంట్‌లో పాత దుప్పటి కప్పి దాచిన లేత్ మిషన్ గురించి మాత్రం గంటసేపు చెప్పాను. ఆ కథే ఇది.

ముందు నా సంగతి ఒక ముక్క చెప్పాలి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చేసి, 1978లో హైదరాబాదు వచ్చి, బాలానగర్‌లో ఒక టూల్ రూమ్‌లో చేరాను. ముప్ఫై నాలుగేళ్లు లేత్ ముందు నిలబడ్డాను. "అందరివీ కూర్చుని తినే ఉద్యోగాలు, మీది నిలబడి తినే ఉద్యోగం" అనేది మా ఆవిడ. మావాడు కంప్యూటర్లు చదివి, అమెరికా చేరి, అక్కడే ఇల్లు కొనుక్కున్నాడు. నేను కోరుకున్నదీ అదే. వాడి చిన్నప్పుడు సెలవుల్లో "నాన్నా, నేనూ నీతో మిషన్ దగ్గరికి వస్తా" అని మారాం చేసేవాడు. ఒక్కటంటే ఒక్కసారి తీసుకెళ్లాను. ఇత్తడి రజనుతో నల్లబడ్డ నా చేతులు చూపించి, "ఈ చేతులు నీకొద్దురా. పుస్తకం పట్టుకో" అన్నాను. ఆరోజు తునక ఇత్తడితో వాడికో బొంగరం చేసిచ్చాను. మళ్లీ తీసుకెళ్లలేదు.

పిండి ఊరు, పూల ఊరు, ఫొటోల ఊరు

న్యూయార్క్ అనగానే మనకు ఆకాశమంత మేడలే గుర్తొస్తాయి. రాచెస్టర్ ఉన్నదీ న్యూయార్క్ రాష్ట్రంలోనే గానీ, ఆ మహానగరం నుంచి సుమారు 330 మైళ్ల దూరం. పైన ఒంటారియో సరస్సు. ఊరి నడుమ జెనెసీ నది. నది కూడా ఊరికే పారదు, నడి ఊళ్లో 96 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. దీన్ని హై ఫాల్స్ అంటారు. ఎదురుగా మనుషులు నడవడానికి మాత్రమే ఒక వంతెన ఉంది. దానిమీద నిలబడితే ఒకవైపు జలపాతం, ఇంకోవైపు పాత ఇటుక కట్టడాలు. టికెట్టు లేదు, క్యూ లేదు. మా ఆవిడకి నయాగరా కన్నా ఇదే నచ్చింది. "ఇక్కడ నీళ్ల చప్పుడు వినబడుతోంది, అక్కడ జనం చప్పుడే వినబడింది" అంది.

ఆ నీటి ఊపుతోనే 19వ శతాబ్దంలో ఇక్కడ గోధుమ పిండి మరలు తిరిగేవి. అందుకే దీన్ని 'పిండి నగరం' అనేవారు. మరలు తగ్గి, పూల మొక్కల తోటలు పెరిగాక 'పూల నగరం' అయింది. ఇంగ్లీషులో పిండికీ పువ్వుకీ పలుకు ఒకటే కాబట్టి పేరు మార్చినా నోటికి శ్రమ లేకపోయింది!

ఆ తర్వాత ఇది ఫొటోల ఊరు. కొడాక్ కంపెనీ పెట్టిన జార్జ్ ఈస్ట్‌మన్‌ది ఈ ఊరే. 1980ల మొదట్లో ఈ ఒక్క చోటే 60 వేల మందికి పైగా ఆ కంపెనీలో పని చేసేవారట. 2012లో అది దివాలా పిటిషన్ వేసింది. కళ్లద్దాల బాష్ అండ్ లాంబ్, జిరాక్స్ కూడా ఇక్కడ పుట్టినవే. మొత్తానికి చేతిపని తెలిసినవాళ్ల ఊరు.

ఈస్ట్‌మన్ బంగళా ఇప్పుడు మ్యూజియం. యాభై గదుల ఇల్లు. పాత కెమెరాలూ, తోటలూ చూసుకుంటూ తిరుగుతుంటే ఒక సంగతి తెలిసింది. మధ్యలో ఉన్న పెద్ద హాలు కొలతలు ఆయన కంటికి ఇంపుగా అనిపించలేదట. 1919లో ఇంటిని రెండుగా కోయించి, వెనక సగాన్ని పట్టాల మీద జరిపించి, ఆ హాలుని 9 అడుగుల 4 అంగుళాలు పొడుగు చేయించాడు. నేను అక్కడే నిలబడి నవ్వుకున్నాను. పది అడుగులు కాదు, తొమ్మిది అడుగులు కాదు, తొమ్మిది అడుగుల నాలుగు అంగుళాలు! కొలత పిచ్చి ఉన్నవాళ్లు ఏ దేశంలో ఉన్నా ఒకే కులం.

దుప్పటి కింద ఏముంది?

ఆ పిచ్చి మా ఇంట్లోనే ఉందని నాకు నాలుగోరోజు తెలిసింది. చెప్పింది కోడలు.

"మామయ్యగారూ, మీ అబ్బాయి కింద ఏం చేస్తుంటారో చూశారా? మొదట్లో సింకు కింద గొట్టం విప్పి పట్టుకుపోయారు. వారం రోజులు బకెట్ పెట్టుకున్నాను" అంది నవ్వుతూ.

మావాడి మొహం ఎర్రబడింది. చిన్నప్పుడు మార్కుల కార్డు దాచి దొరికిపోయినప్పుడు అలాగే అయ్యేది. మాట్లాడకుండా నన్ను కిందికి తీసుకెళ్లాడు. బట్టలుతికే మిషన్ పక్కన చెక్క బల్ల, దానిమీద ఒక దుప్పటి. తీస్తే లేత్. అక్కడ ఏడు బై పద్నాలుగు అంటారు. అంటే ఏడంగుళాల వెడల్పు జాబ్ తిరుగుతుంది, పద్నాలుగు అంగుళాల పొడుగు పడుతుంది. నేను పని చేసిన హెచ్.ఎం.టీ. లేత్ పక్కన పెడితే దాని మనవరాల్లా ఉంటుంది.

"ఎప్పుడు కొన్నావురా?"

"రెండేళ్లయింది నాన్నా."

"చెప్పలేదేం?"

"నువ్వేమంటావో అని..."

నాకేం అనాలో తోచలేదు. బెడ్ మీద వేలు పెట్టి రాశాను. నూనె పట్టించి శుభ్రంగా ఉంచాడు. చక్ తాళం మాత్రం చక్‌లోనే వదిలేశాడు. అలా వదిలేసి మోటారు వేస్తే అది తుపాకి గుండులా ఎగిరి వస్తుంది. ముప్ఫై నాలుగేళ్లలో నేను ఎక్కువ మందిని తిట్టింది దాని గురించే. చెయ్యి దానంతటదే వెళ్లి తాళం తీసి బల్లమీద పెట్టింది. వాడు చూశాడు. తర్వాత నేనున్నన్ని రోజులూ తాళం చక్‌లో కనబడలేదు.

కత్తి అయిన ఫ్లాష్‌గన్

ఇంతకీ చేస్తున్నదేమిటి? 'స్టార్ వార్స్' సినిమాలో హీరో చేతిలో ఉండే వెలుగు కత్తి పిడి. కత్తి అంచు ఉండదు, పిడిలోంచి కాంతి వస్తుంది. కత్తి కాంతారావు సినిమాలు చూస్తూ పెరిగిన నాకు అది కత్తిలా అనిపించలేదు. మా ఊరి నాటకాల్లో భీముడి గద అంటే సొరకాయ బుర్రకి బంగారు కాగితం అంటించినది. దూరంనుంచి చూస్తే గదే. సినిమా సామానుకి అంతకన్నా ఏం కావాలి?

"అదే నాన్నా తేడా. ఇది సినిమా కోసం తయారు చేసింది కాదు" అన్నాడు వాడు.

1976లో లండన్ దగ్గర ఎల్‌స్ట్రీ స్టూడియోలో ఆ సినిమా తీస్తున్నప్పుడు చేతిలో డబ్బు తక్కువ. సెట్ సామాన్లు చూసే రోజర్ క్రిస్టియన్ విమానాల తుక్కు, పాత యంత్రాల ముక్కలు కొని వాటితోనే అంతరిక్షం కట్టాడు. హీరో కత్తికి ఏదీ కుదరడం లేదు. లండన్‌లో ఒక కెమెరా దుకాణంలో పాత పెట్టె తెరిస్తే, కాగితాల్లో చుట్టిన వెండి రంగు గొట్టాలు కనిపించాయి. పూర్వం పత్రికా ఫొటోగ్రాఫర్లు పెద్ద కెమెరా పక్కన తగిలించుకునే ఫ్లాష్‌గన్ పిడులు అవి. లోపల మూడు పెద్ద బ్యాటరీలు పడతాయి. పైన బల్బు. ఒక ఫొటోకి ఒక బల్బు, వెలిగి మాడిపోతే తీసి పారెయ్యడమే. క్రిస్టియన్ ఆ పిడికి చుట్టూ రబ్బరు పట్టీలు అంటించాడు. ఒక క్యాలిక్యులేటర్‌లోంచి తీసిన బుడగల పట్టీ పెట్టాడు. కత్తి తయారు! 1977లో సినిమా వచ్చింది. మరుసటి ఏడాది ఆ కళా విభాగానికి ఆస్కార్ వచ్చినప్పుడు అందుకున్నవాళ్లలో ఆయనా ఒకడు. అదే సినిమాలో ముసలి గురువు కత్తి ఇంకా చిత్రం. జెట్ ఇంజన్ గొట్టం ముక్క, మొదటి ప్రపంచ యుద్ధం నాటి గ్రెనేడ్ ముక్క, ఒక కుళాయి తిప్పే పిడి!

"అయితే లండన్ సరుకన్నమాట" అన్నాను.

మావాడు పై సగం గొట్టం నా చేతిలో పెట్టాడు. "కాదు నాన్నా. ఈ ఊరి సరుకు. గ్రాఫ్లెక్స్ అని ఇక్కడి కంపెనీ. మన ఇంటికి నాలుగు మైళ్లు."

అప్పుడర్థమైంది వాడి పట్టుదల. గ్రాఫ్లెక్స్ వాళ్లు చేసిన 'స్పీడ్ గ్రాఫిక్' కెమెరా 1912 నుంచి 1973 దాకా ఉంది. అమెరికా పత్రికా ఫొటోగ్రాఫర్ అంటే అదే కెమెరా. 1945లో ఇవో జిమా కొండమీద సైనికులు జెండా ఎత్తుతున్న ప్రసిద్ధ ఫొటో దానితో తీసిందే. మన దేశపు తొలి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్ హొమాయ్ వ్యారవాలా చేతిలోనూ అదే ఉండేది. వాటికి తగిలించడానికి చేసిన పిడి ఇది.

ఆరు బుష్‌లు, అన్నీ కరెక్టే, ఏదీ పట్టదు

వాడి దగ్గరున్నది అసలు పిడి పై సగం మాత్రమే. కింది సగంలో ఎవరో బ్యాటరీలు వదిలేస్తే, అవి కారి, లోపలంతా తినేసిందట. పాత కెమెరాల సంతలో కొన్నాడు. ఈ సినిమావాళ్ల పుణ్యమా అని ఈ పిడుల ధరలు కెమెరాల ధరల్ని దాటిపోయాయి. అందుకని కింది సగం తానే చేసుకుంటున్నాడు.

బయటి గొట్టానికి ఇబ్బంది లేదు. సుమారు ఒకటిన్నర అంగుళం ఇత్తడి గొట్టం బజార్లో దొరుకుతుంది. మా కోడలి సింకు గొట్టం బలైపోయింది ఆ కొలత వల్లే. చిక్కంతా రెండు సగాలు కలిసే చోట. పై సగం మెడ కిందిదాంట్లోకి వదులు లేకుండా జారాలి. దానికి గొట్టం లోపల పలచటి ఇత్తడి బుష్ వెయ్యాలి. బుష్ అంటే అమెరికా మాజీ అధ్యక్షులు కాదు, మన వర్క్‌షాపుల్లో రోజూ వినే బుష్షే. రెండు భాగాల మధ్య సందు పూడ్చే ఉంగరం లాంటిది.

అలాంటివి ఆరు చేశాడు. వరసగా బల్లమీద పెట్టాడు. ఒక్కోదానికీ కాగితం మీద కొలతలు. వెర్నియర్ పెట్టి నేనూ చూశాను. మెడ కన్నా బుష్ లోపలి కొలత రెండు థౌలు ఎక్కువ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు మూడు థౌలు ఉంటుంది. రెండు థౌలంటే వెంట్రుకకన్నా తక్కువ సందు, జారడానికి సరిపోతుంది. వెర్నియర్ అటు తిప్పినా ఇటు తిప్పినా అదే కొలత. కానీ మెడ పెడితే సగంలో బిగుసుకుంటోంది.

"అన్ని వీడియోలూ చూశాను నాన్నా. టూల్ మార్చాను, వేగం మార్చాను. కొలత కరెక్టుగా వస్తుంది, ముక్క పట్టదు. ఆరు నెలల్నుంచీ ఇదే."

నాకు వెంటనే తెలిసిపోయింది. చెప్పొచ్చు. కానీ మా మేస్త్రీ నాకు ఎప్పుడూ జవాబు చెప్పలేదు, చూపించేవాడు. మనవడి స్కెచ్ పెన్ను తెమ్మన్నాను. మెడ చుట్టూ నీలం సిరా పూసి, ఆరకముందే బుష్‌లోకి కొంచెం తోసి, తిప్పకుండా బయటికి తీశాను. బుష్ లోపల నీలం మచ్చలు పడ్డాయి. చుట్టూ కాదు, మూడే మూడు చోట్ల, సమానమైన ఎడంలో.

"ఏం కనబడుతోంది?"

"మూడు చోట్లే తగులుతోంది."

"చక్‌కి ఎన్ని జాలు?"

వాడు చక్ వంక చూశాడు. మూడు జాలు, అంటే జాబ్‌ని కరిచి పట్టుకునే మూడు దవడలు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు.

గుండ్రం కాదు, తాటికాయ

జరిగింది ఇదీ. ఇత్తడి ఆదా అవుతుందని మావాడు పలచటి గొట్టం ముక్క కోసి, దాన్ని చక్‌లో బిగించి, లోపల బోరింగ్ చేశాడు. బిగించినప్పుడు పలచటి గోడ మూడు చోట్ల లోపలికి వంగింది. టూల్ ఆ వంగినదాన్ని చక్కగా గుండ్రంగా చెక్కింది. మిషన్ మీద ఉన్నంతసేపూ అది గుండ్రమే. చక్ వదులు చెయ్యగానే గోడ మళ్లీ వెనక్కి పోయింది. జాలు పట్టిన మూడు చోట్లా బయటికి ఉబ్బింది, మధ్యలో లోపలికి నొక్కుకున్నట్టయింది. తాటికాయని అడ్డంగా కోస్తే మూడు ముంజల ఆకారం ఎలా ఉంటుందో, అలా. కంటికి కనబడదు, వెంట్రుకలో సగమే కదా.

మరి వెర్నియర్ ఎందుకు పట్టుకోలేదు? ఈ ఆకారంలో ఒకవైపు ఉబ్బు ఉంటే సరిగ్గా దాని ఎదురుగా నొక్కు ఉంటుంది. ఇటు ఎక్కువైనంత అటు తగ్గుతుంది. రెండు కొసలు పట్టి కొలిచే పరికరానికి ఎటు తిప్పినా ఒకే అంకె వస్తుంది. వెర్నియర్ అబద్ధం చెప్పదు, కానీ అడిగినదానికే జవాబు చెబుతుంది. 'వెడల్పెంత?' అంటే చెబుతుంది. 'గుండ్రంగా ఉందా?' అని దాన్నెవరూ అడగలేదు.

ఇంట్లో చిన్న లేత్ పెట్టుకుని పని నేర్చుకుంటున్నవాళ్లు మన ఊళ్లలోనూ ఇప్పుడు కొందరున్నారు. వాళ్లకోసం ఏడో బుష్ ఎలా చేశామో చెబుతాను.

పలచటి గొట్టం పక్కన పడేసి, ఒకటిన్నర అంగుళం గట్టి ఇత్తడి కడ్డీ తీసుకున్నాం. దాన్ని నొక్కి వంచడం చక్ తరం కాదు. ముందు చిన్న డ్రిల్లు, తర్వాత పెద్దది, ఆపైన బోరింగ్ బార్. ఇత్తడికి టూల్ పైభాగం చదునుగా ఉండాలి. ఇనుముకి పెట్టినట్టు వెనక్కి వాలుగా పెడితే అది లోహాన్ని కోయదు, కరిచి లాక్కుంటుంది. డ్రిల్లు అంచులకి కూడా రాయి పెట్టి పదును కొంచెం విరగ్గొట్టాలి. లోపలా బయటా రెండు కొలతలూ ఒకే పట్టులో పూర్తి చెయ్యాలి. మధ్యలో చక్ విప్పకూడదు. విప్పితే కేంద్రం పోతుంది. పని అంతా అయ్యాకే, ఆఖర్న కడ్డీ నుంచి బుష్‌ని కోసి విడదియ్యాలి.

ఇంకో మాట. కోసిన వెంటనే కొలిచి మురిసిపోకూడదు. ముక్క వేడిగా ఉంటుంది. ఇంత వెడల్పు ఇత్తడి ముప్ఫై డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక థౌ సాగుతుంది. టీ తాగి రావాలి. మా రోజుల్లో టీ బ్రేకుకి మేం చెప్పుకున్న శాస్త్రీయ కారణం అదే! ఇక చేతులకి గ్లవ్స్ తొడగొద్దు, పొడుగు చేతుల చొక్కా వద్దు, కళ్లద్దాలు లేకుండా మోటారు వెయ్యొద్దు. క్రోమ్ పూత ఇంట్లో వేసుకుందామని అస్సలు అనుకోవద్దు. ఆ ద్రావకం విషం. మావాడు ఆ పని బయట ఇద్దామనుకుంటే, పూత మందానికి కూడా చోటు వదలమని చెప్పాను.

రెండు శనివారాలు పట్టింది. హ్యాండిల్ తిప్పింది మొత్తం వాడే. నేను వెనక స్టూలు మీద కూర్చున్నాను. శబ్దం మారితే "ఆగు" అనడం, అంతే. మొదటిసారి నిలబడి కాకుండా కూర్చుని లేత్ పని చేశాను, మా ఆవిడకి చెప్పాలి.

క్లారిస్సా వీధి

ఆ రెండు శనివారాల మధ్య ఒకరోజు వాడు నన్ను గ్రాఫ్లెక్స్ ఉన్న వీధికి తీసుకెళ్లాడు. క్లారిస్సా వీధి, నంబరు 154 అని పాత కాగితాల మీద ఉంటుంది. మొదట సైకిళ్లు కూడా చేసిన ఆ సంస్థని 1905లో ఈస్ట్‌మన్ కొని ఈ ఊరికి తెచ్చాడు. 1926లో అది కొడాక్ నుంచి వేరుపడింది. తర్వాత ఊరి బయట పిట్స్‌ఫోర్డ్‌కి మారింది. పెద్ద కంపెనీల చేతులు మారి, ఆఖరికి కుట్టుమిషన్ల సింగర్ చేతిలో పడి, 1973లో ఆగిపోయింది.

అంటే లండన్‌లో ఆ పెట్టె తెరిచేనాటికి ఈ ఫ్యాక్టరీ మూతపడి మూడేళ్లు. తను తిప్పిన గొట్టం కత్తి అవుతుందని ఏ టర్నర్‌కీ తెలిసే అవకాశం లేదు. వాడికి కావలసినవల్లా మూడు బ్యాటరీలు కదలకుండా నిలబడటం, వానలో తడిసిన ఫొటోగ్రాఫర్ చేతిలోంచి జారకపోవడం. సాయంత్రానికి లెక్క ప్రకారం ముక్కలు అప్పజెప్పడం.

కారు నెమ్మదిగా పోనిచ్చాడు. సన్నగా వాన. సైరన్ లేదు, గేటు లేదు, టీ కొట్టు లేదు. నాకు బాలానగర్ గుర్తొచ్చింది. 1968లో సెంట్రల్ టూల్ డిజైన్ సంస్థ వచ్చిన చోటు అది. సందు సందుకీ లేత్‌లు ఉండేవి. ఇప్పుడూ ఉన్నాయి, కానీ నేను పని చేసిన షెడ్డు లేదు. మేం చేసిన డైలూ బుష్‌లూ ఎక్కడెక్కడ ఏ యంత్రాల్లో ఉన్నాయో, ఏ తుక్కులో కరిగిపోయాయో. మా పేర్లు వాటిమీద ఉండవు.

"అందుకే నాన్నా కరెక్టుగా చెయ్యాలనుకున్నా" అన్నాడు మావాడు, నేనేమీ అనకముందే. "సినిమా కోసం ఎవరో ఊహించి గీసిన బొమ్మైతే సుమారుగా చేసినా సరిపోతుంది. ఇది అలా కాదు. ఎవరో ఒకాయన ఇక్కడ నిలబడి తిప్పాడు. ఆయన పెట్టిన కొలత అది. నేను మార్చేస్తే ఎలా?"

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. వీడికి 'ఈ చేతులు నీకొద్దు' అని చెప్పింది నేనే.

ఒక మాట మాత్రం అన్నాను. "ఆయన కూడా అంకె కోసం చెయ్యలేదురా. జత కోసం చేశాడు. పైది కిందిదాంట్లో జారాలి, అంతే. నీ ఆరింటికీ అంకె ఉంది, జత లేదు."

నలభై మూడు

రెండో శనివారం సాయంత్రం బుష్‌ని గొట్టంలో అమర్చి, మెడ పెట్టాడు. వేలితో తోశాడు. ఎక్కడా పట్టలేదు. లోపలున్న గాలి సన్నగా 'ఫుస్' అని బయటికి వచ్చింది. ఆ చప్పుడు వినడం కోసమే ముప్ఫై నాలుగేళ్లు బతికాను నేను. గాలి అలా వెళ్లిందంటే చుట్టూ సమానంగా సందు ఉన్నట్టు. ఇంకే కొలతా అక్కర్లేదు. వాడు తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ తీశాడు. ఇరవైసార్లు చేసి ఉంటాడు. కోడలు పైనుంచి "భోజనాలు!" అని మూడోసారి అరిచింది.

అప్పుడు నేను ఒక షరతు పెట్టాను. రేపెప్పుడో ఇది ఎవరి చేతిలోనో పడి, అసలు పిడి అని అమ్ముడుపోకూడదు. నకలు చెయ్యడం తప్పు కాదు, నకలని చెప్పకపోవడం తప్పు. లోపల గుర్తు పెట్టమన్నాను.

"టూల్ రూమ్‌లో మీరు గుర్తు పెట్టేవాళ్లా?"

"ఒక్కొక్కరికి ఒక నంబరు పంచి ఉండేది. ముక్క రిజెక్టయితే ఎవర్ని తిట్టాలో తెలియడానికి."

"నీ నంబరెంత?"

"నలభై మూడు."

పలచటి బుష్ మీద పంచి కొడితే మళ్లీ తాటికాయే అవుతుంది. అందుకని వాడు గీతలు గీసే సూది తీసుకుని, ఒంగి, ఓపిగ్గా, బయటికి కనబడని చోట ఆ ఏడాదీ, పక్కనే 43 అనీ గీశాడు. నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను. ఇత్తడి ధూళి ఎక్కువగా ఉంది ఆ గదిలో.

రాచెస్టర్‌లో 'స్ట్రాంగ్' అని ఆటల మ్యూజియం ఉంది. మనవడితో కలిసి వెళ్లాం. పిల్లలున్నవాళ్లు తప్పక చూడాలి. అక్కడి బొమ్మల గౌరవ జాబితాలో 2012లో స్టార్ వార్స్ బొమ్మలకి చోటిచ్చారు. అంతకు నాలుగేళ్ల ముందే, 2008లో, మామూలు కర్రపుల్లకి ఇచ్చారు! చెట్టు కింద దొరికే కర్ర. న్యాయమే. ఏ పిల్లాడి చేతిలోనైనా మొదటి కత్తి అదే కదా.

మేం బయల్దేరే ముందురోజు, మిగిలిన కడ్డీ ముక్కతో మావాడు తన కొడుక్కి ఒక బొంగరం చేశాడు. ములికి దగ్గర కాస్త పక్కకి పోయింది. తిరుగుతుంది గానీ నిద్రపోదు. సరిచెయ్యమంటాడేమోనని చూశాను. అడగలేదు. మనవడికి ఏడేళ్లు, స్టూలు వేసుకుని తండ్రి పక్కనే నిలబడి చూస్తున్నాడు, కళ్లకి తండ్రి పెద్ద కళ్లద్దాలు పెట్టుకుని.

లేత్ మీద దుప్పటి మళ్లీ కప్పలేదు.